మిషన్ నడుస్తుండగా అన్న సరే

ఆమె కుట్టు మిషన్ కిటికీ పక్కన ఉంటుంది. వీధిలోంచి చూస్తే వంచిన మెడ, పెదాల మధ్య బిగించిన గుండుసూదులు, కదిలే మోచెయ్యి కనిపిస్తాయి. ఆమెతో పనుండి వచ్చేవాళ్ళు వెంటనే తలుపు తట్టరు. ముందు చెవి ఒగ్గుతారు. మిషన్ చప్పుడు వినిపిస్తే లోపలికి వస్తారు. వినిపించకపోతే వీధి చివరిదాకా ఓసారి నడిచి, మళ్ళీ వస్తారు.

ఎందుకంటే మిషన్ నడుస్తుండగా ఏమడిగినా ఆమె సరే అంటుంది. అది మంచితనం కాదు, మొహమాటమూ కాదు. చూపంతా సూది మొన మీద ఉన్న మనిషికి నోట్లో ఒక్క మాటకే చోటుంటుంది. ఈ సంగతి భర్తకు తెలుసు, అత్తగారికి తెలుసు, పాస్టరుగారి భార్యకు తెలుసు, వీధికంతటికీ తెలుసు. తెలియనిది ఆమె ఒక్కతెకే. చాటుగా అందరూ ఆమెను సరేనమ్మ అనేవారు.

ముందు గదిలో చేపల తొట్టి అలా వచ్చిందే. బస్సు నడిపే భర్త ఒక సాయంత్రం దాన్ని మోసుకొచ్చి బల్ల మీద పెడితే, ఎవరు తెమ్మన్నారని ఆమె నిలదీసింది. నువ్వే సరేనన్నావుగా అన్నాడు అతను, చేపల వైపు చూస్తూ. ఆమె అత్తగారి వైపు తిరిగింది. అన్నావమ్మా, నా చెవులతో విన్నాను అంది అత్తగారు. ఆవిడ మోకాళ్ళ మీద కొత్త బొంత ఉంది. అదీ మిషన్ నడుస్తుండగా అడిగి కుట్టించుకున్నదే. కోడలి గురించి ఆవిడ ఇరుగుపొరుగుతో ఒక మాట అనేది.

"దేవుడు మా కోడలికీ రెండు చెవులిచ్చాడు. మిషన్ ముందు కూర్చోగానే రెండూ పాదాల్లోకి జారిపోతాయి."

ఆకులు రంగు తిరిగే కాలం వస్తే ఆమెకు తల గోక్కునే తీరిక ఉండదు. చలి రాబోతోందని బొంతలు వస్తాయి. పిల్లలు వేసవిలో సాగిపోయారని బడి లాగులూ గౌన్లూ అంచు మడతలు విప్పించుకోవడానికి వస్తాయి. చర్చి క్వాయర్‌కు కొత్త అంగీలు కావాలి. చర్చి హాలుకు కొత్త కర్టెన్లు కావాలి. బడి నాటకంలో రాజుకు ఒక కోటు, ఒక గుర్రానికి తోక. జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు కూర పంపే వంతు ఈ నెల ఆమెదే. శనివారం పొద్దున వీధివాళ్ళంతా కలిసి రాలిన ఆకులు ఊడ్చే పనిలో ఎవరికి ఏ మూల అనేది చెప్పాల్సిందీ ఆమే. వీటన్నిటి చివర, ఆకులన్నీ రాలిపోయాక, ఒక ఆదివారం ప్రార్థన అవగానే హాల్లో సంఘమంతా కలిసి భోంచేస్తారు. ఆ వంటగది తాళం ఆమె నడుముకే వేలాడుతుంది.

ఇన్ని పనులు నెత్తికెలా వచ్చాయో ఆమెకు అర్థమయ్యేది కాదు. తనేనేమో మతిమరుపు మనిషిని అనుకునేది. పాస్టరుగారి భార్య వచ్చి, కర్టెన్లకు పూలగుడ్డే అన్నారుగా అంటే, అన్నాను కాబోలు అని కత్తెర తీసేది.

అలాంటి ఒక సాయంత్రం పెద్దపిల్ల బడి నుంచి వచ్చి మందపాటి ఉన్నిగుడ్డ ముక్కలు మిషన్ పలక మీద పెట్టింది. సుద్దతో గీతలు గీసి ఉన్నాయి. రెండు పొరలు వేసి, రెండు పిడికిళ్ళు పట్టేంత సంచి కుట్టాలని, మూతికి తాడు దూర్చేలా ఉండాలని చెప్పింది. ఎవరికో, ఎందుకో కూడా చెప్పింది. గీతలు ఆమె కంటపడ్డాయి కాబట్టి చేతులు కుట్టేశాయి. మిగతాది చెవిన పడలేదు. సంచి అయ్యాక తిరిగి కర్టెన్ అంచు అందుకుంది. పిల్ల కదల్లేదు. ఇంకా ఏదో చెప్పింది. ఈసారి కాస్త ఎక్కువసేపు. చివర ఒక ప్రశ్న ఉన్నట్టుంది.

ఆమె సరే అంది.

అప్పుడు వీపుకు వెచ్చగా ఏదో ఆనింది. పిల్ల చెంప. పన్నెండు నిండినప్పటి నుంచి తల దువ్వనివ్వని పిల్ల, వీధిలో చెయ్యి పట్టుకోనివ్వని పిల్ల, వెనకనుంచి రెండు చేతులూ చుట్టేసి, థాంక్సమ్మా అంది. ఆమె పాదం ఆగింది. చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. వెనక్కి తిరిగేసరికి పిల్ల సంచి పట్టుకుని గుమ్మం దాటేసింది.

ఏమడిగావే అని కేకెయ్యొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ వెచ్చదనం ఇంకా వీపు మీదే ఉంది. వినలేదని చెబితే అది చల్లారిపోతుంది. పోనీ రేపు తెలుస్తుందిలే అనుకుని పెడల్ మీద కాలు పెట్టింది.

రేపు తెలియలేదు.

భర్తనడిగింది. సైకిల్ అడిగి ఉంటుంది అన్నాడు అతను. అని, ఆ మాట తన జేబుకే తగులుతుందని తట్టి, సైకిల్ కాకపోవచ్చులే అని సవరించుకున్నాడు. అత్తగారినడిగింది.

"నన్నడక్కమ్మాయ్. నేను చెవి పెట్టేది నాకు పనికొచ్చే మాటలకే."

అడక్కుండా తెలుసుకోవాలంటే ఊహించాలి. బూట్లు బిగుతయ్యాయేమోనని కొత్త బూట్లు కొనుక్కొచ్చింది. పిల్ల వేసుకుని, బాగున్నాయమ్మా అంది. ఆ బాగున్నాయిలో చెంప ఆనించిన పిల్ల లేదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకోవాలనుందేమోనని, కత్తిరించుకుంటే నాకేం అభ్యంతరం లేదని పనిగట్టుకుని చెప్పింది. పిల్ల తన జడను ముందుకు వేసుకుని, ఎందుకు అని అడిగింది. గదిలో తనకంటూ ఒక మూల కావాలేమోనని మిగిలిన పూలగుడ్డతో మంచం పక్కన తెర కుట్టి కట్టింది. నాలుగేళ్ళ చిన్నది ఆ తెర వెనక చేరి బయటికి రానంది. పెద్దది మళ్ళీ, బాగుందమ్మా అంది.

అలా వారాలు దొర్లాయి. ఏ పని చేస్తున్నా ఆ సరే కాలికింద పల్లేరుగాయలా గుచ్చుతూనే ఉంది. బిడ్డ ఏదో నమ్ముకుని ఉంది. ఆ నమ్మకం తన నోటి నుంచే వెళ్ళింది. అది దేని మీదో తనకే తెలియదు.

ఒక రాత్రి భోజనాల దగ్గర పిల్ల రొట్టె తుంచుతుంటే అరచేతులు కనిపించాయి. ఎర్రగా కందిపోయి, వేళ్ళ మొదట్లో బొబ్బలు. ఏంటే ఇవి అంటే, పని చేస్తే కందవా అని చేతులు బల్ల కిందికి దాచుకుంది. ఆకులు ఊడ్చి ఊడ్చి కందాయనుకుంది తల్లి. ఆ శనివారం పిల్ల వంతు మూల కూడా తనే ఊడ్చేసి, నడుం పట్టేసి వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే పిల్ల లేదు. సాయంత్రం వచ్చింది, చెమటతో, మొహం వెలిగిపోతూ.

"అమ్మా, పై ఆదివారం గుర్తుందిగా?"

"ఎందుకుండదే," అంది ఆమె.

అబద్ధం ఆడుతున్నానని తెలిసి ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. ఒక్క సంగతి మాత్రం తేలింది. పై ఆదివారం అంటే సంఘ భోజనం రోజు. ఏదైతేనేం, అది ఆ రోజే జరగాలి.

శుక్రవారం క్వాయర్ అంగీలు భుజాన వేసుకుని పాటల మాస్టారమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడ ఒక్కొక్కటే విప్పి, మడతపెట్టి, చివరిదాన్ని పక్కకు తీసింది.

"ఇదొకటి ఎక్కువ కుట్టారు. మీ అమ్మాయి మానేసిందిగా."

ఆమె చెయ్యి చాచి ఆ అంగీ తీసుకుంది.

"మీరు సరేనన్నారని చెప్పింది. నాకూ ఆశ్చర్యమే. మీ అమ్మగారు నిలబడ్డ వరుస, మీరు నిలబడ్డ వరుస."

అవునండీ అని, ఆ అంగీ చంకలో పెట్టుకుని బయటపడింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన ఆ వరుసలోనే నిలబడి పాడింది ఆమె. కూతురు ఎప్పుడో ఒకప్పుడు ఆ వరుస వద్దంటుందన్న ఊహ కూడా ఆమెకు రాలేదు. వచ్చి ఉంటే ఎదురుగా కూర్చోబెట్టి, వీల్లేదని చెప్పేది. ఆ సంగతి తనకెంత తెలుసో పిల్లకూ అంతే తెలుసు. దారిపొడవునా కోపం ముందు నడిచింది, సిగ్గు వెనక నడిచింది. ఇల్లు వచ్చేసరికి సిగ్గు ముందుకొచ్చింది. ఇక దాచి లాభం లేదు. వినలేదని చెప్పేయాలి. ఇంకా ఏమేం అడిగావని అడగాలి.

ఆ రాత్రి పిల్ల పెందలాడే నిద్రపోయింది. మర్నాడు లేచేసరికి మళ్ళీ లేదు.

శనివారం హాల్లో కర్టెన్లు కట్టే పని. నిచ్చెన మీద భర్త ఉన్నాడు. కర్టెన్లు కుట్టేది ఆమే అయినా కట్టేది ఎప్పుడూ అతనే. ఎత్తంటే ఆమెకు ప్రాణం గుప్పిట్లోకి వస్తుంది. స్టూలెక్కి బల్బు మార్చమన్నా పక్కింటివాళ్ళను పిలుస్తుంది. కింద నిలబడి, ఇంకాస్త ఎడమకి, ఎడమంటే మీ ఎడమ కాదు నా ఎడమ అని చెబుతూ, మధ్యలో పాస్టరుగారి భార్యను పెద్దది ఎక్కడైనా కనబడిందా అని అడిగింది.

"గోపురంలో ఉంది కదండీ. రోజూ సాయంత్రం అక్కడే. మీరు సరేనన్నారటగా."

చర్చి గోపురం హాలు పక్కనే. ఆమె చేతిలోని కొక్కేల డబ్బాను పాస్టరుగారి భార్య చేతిలో పెట్టింది. కర్టెన్ ఒక చివర పట్టుకుని నిచ్చెన మీద ఉన్న భర్త, ఇదిగో నన్ను చూడు, ఏ ఎడమ అని అడుగుతున్నా వినిపించుకోకుండా బయటికి నడిచింది.

గోపురం తలుపు తీసి ఉంది. లోపల చల్లగా, పాత చెక్క వాసన. పైనుంచి ఒక చప్పుడు వస్తోంది. తడిసిన దుప్పటిని గోడకేసి కొట్టినట్టు, మెత్తగా, బరువుగా. కాసేపు ఆగి మళ్ళీ అదే. పిల్లను పేరు పెట్టి పిలిచింది. జవాబు రాలేదు. చెక్క మెట్లు గోడలను ఆనుకుని చుట్టూ తిరుగుతూ పోతున్నాయి. మెట్టుకీ మెట్టుకీ మధ్య సందు. ఆ సందులోంచి కింద నేల కనిపిస్తుంది.

ఆమె చెప్పులు విడిచింది. ఒక చెయ్యి గోడకు ఆనించింది. ప్రభువా, పైకి తీసుకెళ్ళడం ఒక్కటే కాదు, కిందికి దింపడం కూడా నీ పూచీయే అనుకుని మొదటి మెట్టెక్కింది. మలుపు దగ్గర పొరపాటున కిందికి చూసింది. కూర్చుండిపోయింది. పైన చప్పుడు ఆగలేదు. ఆ మెట్లు తన పిల్ల రోజూ ఎక్కుతోందన్న ఆలోచన వచ్చింది. అది రావడంతో లేచింది. మిగతా మెట్లు నాలుగు కాళ్ళ మీద ఎక్కింది.

పైన చిన్న గది. గోడలో ఒక సన్నటి కిటికీ. కుర్చీలో గంటతాత కూర్చున్నాడు. ఆ చర్చి గంట కొట్టేది ఆయనే. ఊరికి ఆయన మొహం కన్నా ఆయన గంటే ఎక్కువ తెలుసు. కుడి భుజానికి శాలువా బిగించి కట్టుకుని ఉన్నాడు. గది మధ్యలో పైకప్పు రంధ్రంలోంచి లావాటి తాడు దిగి ఉంది. తాడు పట్టుకుని పెద్దపిల్ల. తల్లిని చూసి తాడు వదిలేసింది.

ఆమె పైకి చూసింది. పైకప్పులో తలుపు తీసిన చోట గంట కడుపు కనిపించింది. గంట నాలుకకు బూడిదరంగు ఉన్నిసంచి తొడిగి, మూతి తాడు బిగించి ఉంది. నేర్చుకునేటప్పుడు ఊరు ఉలిక్కిపడకుండా. మూతి దగ్గర రెండుసార్లు వెనక్కి తిప్పి కుట్టిన కుట్టు. అలా కుట్టేది ఊళ్ళో తనొక్కతే.

ఆమెకు ఊపిరి అందాక, అనుకున్నది అనేసింది.

"ఆవేళ నువ్వు అడిగింది నేను వినలేదే."

"తెలుసు," అంది పిల్ల. "అందుకే అప్పుడు అడిగా."

ఆమె గంటతాత వైపు చూసింది. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"నా వైపు చూడకమ్మా. నీ సరే సంగతి నాకు తెలీదా. మా ఇంటి పరుపు గలేబులన్నీ అట్లా కుట్టించుకున్నవే."

"అంటే అందరూనా," అంది ఆమె.

"అందరూ," అంది పిల్ల. "నాన్న చేపలు కూడా."

చేపల తొట్టి, బొంత, పూలగుడ్డ, కూర వంతు, గుర్రం తోక, అన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆమె కళ్ళ ముందు నిలబడ్డాయి. కోపం రావాల్సిన చోట నవ్వు వచ్చింది. నవ్వితే మాట పలచనవుతుందని బిగబట్టింది. గోడను పట్టుకుని నేల మీదే కూర్చుంది. పిల్ల ఎదురుగా వచ్చి నిలబడింది. కందిన చేతులు ఈసారి దాచుకోలేదు.

"తాతకి భుజం పోయింది. రేపు భోజనానికి పిలిచే గంట నేను కొడతా. కొట్టనా? ఇప్పుడు మిషన్ లేదుగా. విని చెప్పు."

ఇంతసేపూ వినలేకపోవడమే కష్టమనుకుంది. విన్నాక తెలిసింది, ఇది ఇంకా కష్టం. వీల్లేదు అన్న మాట నాలుక మీదే ఉంది. దానికి కారణాలూ ఉన్నాయి. ఆ మెట్లున్నాయి. ఆ తాడుంది. పెట్టెలో మడతపెట్టిన అంగీ ఉంది.

"పాటకేమొచ్చిందే?"

"పాడటం ఇష్టమే. అందరి మధ్యలో నేను పాడకపోయినా పాట అయిపోతుంది. ఇది నేను ఆపితే ఆగిపోతుంది."

ఆమె పైనున్న గంట వైపు చూసింది. ఓసారి కొట్టి చూపించమంది.

పిల్ల తాడు పట్టుకుంది. ఒళ్ళంతా వంచి లాగింది. పైన బరువు కదిలింది. తాడు పైకి పోతుంటే చేతులు దాని వెంట తలపైకి వెళ్ళి, సరిగ్గా మడమలు లేవబోయే ముందు పట్టు వదిలి, దిగివస్తున్న తాడును మళ్ళీ అందుకున్నాయి. మొదట అలా వదలకే బొబ్బలు తేలాయని, ఒకరోజు జానెడు పైకి లేచి పడిందని గంటతాత చెప్పాడు. ఇప్పుడు పడదన్నాడు. తల్లి చూస్తూనే ఉంది. పిల్ల కళ్ళు తాడు మీద ఒకే చోట ఉన్నాయి. కింది పెదవి పళ్ళ మధ్య ఉంది. ఎడమ పాదం నేల మీద లెక్క వేస్తోంది. ఆ సమయంలో ఆ పిల్లను ఎవరేమడిగినా సరే అంటుంది.

గంట మెత్తగా మూలిగి ఆగింది. ఆమె లేచి, పిల్ల చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. అరచెయ్యి వెడల్పు తన వేళ్ళతో కొలిచింది. బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా కొలిచింది.

"తోలు ముక్క ఇంట్లో ఉంది," అంది. "లోపల ఉన్నిగుడ్డ వేసి తొడుగులు కుడతా. రాత్రికి అయిపోతాయి."

"అంటే సరేనా?"

"ఆ మాట నా నోట ఇక చెల్లదు గానీ, కొట్టు."

గంటతాత కుర్చీలోంచి లేచి, ఇక దిగే సంగతి చూడండి అన్నాడు. దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. పిల్ల ముందు దిగుతూ, వెనక్కి తిరిగి దిగమ్మా, కింద చూడకు, నా చెయ్యి కనిపిస్తోంది కదా, దాన్నే చూడు అని ఒక్కో మెట్టు దగ్గర చెప్పింది. వీధిలో చెయ్యి పట్టుకోనివ్వని పిల్ల చెయ్యి ఆ మెట్ల పొడవునా ఆమె చేతిలో ఉంది. కింద నేల తగిలాక కూడా ఆమె కాసేపు వదల్లేదు. పిల్ల విడిపించుకోలేదు.

హాల్లో భర్త ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు. కర్టెన్ తలకిందులుగా కట్టాడు. పూలన్నీ నేలచూపులు చూస్తున్నాయి. విప్పి మళ్ళీ కట్టే ఓపిక ఎవరికీ లేదు. రాలే కాలమేగా, పూలు కూడా కిందికే చూడనీ అంది అత్తగారు. అలాగే ఉంచేశారు.

ఆదివారం క్వాయర్ పాడింది. ఒక గొంతు తక్కువైందని ఆమెకూ పాటల మాస్టారమ్మకూ తప్ప ఎవరికీ తెలియలేదు. చివరి ప్రార్థన అవుతుండగా ఆమె వంటగదిలోకి వచ్చేసింది. పొయ్యి మీద సూపు మరుగుతోంది. ఒకరు గరిటెలెక్కడని అడిగారు, ఒకరు రొట్టెలు కోయాలా అని అడిగారు, ఒకరు వచ్చే నెల కూర వంతు కూడా చూసుకోగలరా అని అడిగారు. ఒక్క నిమిషం ఆగండి అంది ఆమె. అక్కడున్నవాళ్ళు ఆ మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. నిజంగానే ఆగారు.

ఆమె చేతులు తుడుచుకుని కిటికీ దగ్గర నిలబడింది. చెట్లన్నీ ఆకులు దులిపేసుకుని ఉన్నాయి. గోపురం అడ్డం లేకుండా కనిపిస్తోంది.

గంట మోగింది. మొదటిది కాస్త తడబడింది. రెండోది గట్టిగా వచ్చింది. మూడోది రావాల్సిన చోట రాలేదు. ఆమె కుడిపాదం తనకు తెలియకుండానే నేలను నొక్కింది. అప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి, ఎడం తప్పకుండా, వీధుల మీదుగా, పైకప్పుల మీదుగా పోతూనే ఉంది.

"ఈవేళ కొత్తవాళ్ళెవరో కొడుతున్నట్టుందే," అంది అత్తగారు, తెలియనట్టు.

"మన పెద్దదే అత్తయ్యా. నేనే కొట్టమన్నా."

అదే అదను అనుకుని భర్త పక్కకు చేరాడు. హోరున గంట మోగుతోంది. ఆమె చూపు గోపురం మీద ఉంది. అతను ఆమె చెవి దగ్గర, ముఖం తిప్పుకుని, గబగబా ఏదో అన్నాడు. కుక్కపిల్ల అన్న మాట ఒకటి అందులో ఉంది. అని, సరే కోసం ఎదురుచూశాడు.

ఆమె గంట ఆగేదాకా విన్నది. ఆఖరి మోత సన్నగిల్లి, సన్నగిల్లి, పూర్తిగా పోయింది. అప్పుడు అతని వైపు తిరిగింది.

"ఏమన్నారు? సరిగ్గా వినలేదు. మళ్ళీ అడగండి."

అతను ఆమె మొహం చూశాడు, తన తల్లి మొహం చూశాడు, మరుగుతున్న సూపు వైపు చూశాడు.

"ఏం లేదు," అన్నాడు. "గరిటెలెక్కడా అని."